ట్రూప్ బజార్ మేడమీద హాలు ఒకప్పుడు ఏమిటి? ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ చివర

పని ఒప్పుకున్నది పైకప్పు కారుతోందని. హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో, కోఠీ నుంచి ఆబిడ్స్ వైపు పోతూ ఒక సందులోకి తిరిగితే పాత మేడ ఒకటి ఉంది. కింద రెండు మల్గీలు: ఒకటి టైల్స్ షాపు, రెండోది కుళాయిలూ కమోడ్లూ పెట్టుకున్న గోడౌను. పైన ఒక పొడుగాటి హాలు, దాన్ని ఆనుకుని రెండు చిన్న గదులు, వెనక చిన్న డాబా. ఓనరమ్మ వాళ్ళ మామగారు 1950ల్లో కొన్నారట. హాలు చాలా ఏళ్ళుగా ఖాళీ. వానలు పడేలోపు రేకులు మార్చి, గోడలు బాగుచేసి, అద్దెకిచ్చేలా తయారుచేయమన్నారు. పాత ఇళ్ళ మరమ్మతులే నా పని కాబట్టి సరే అన్నాను.

పైకెక్కి చూస్తే ఆ హాలు కట్టిన తీరే వింతగా ఉంది. దక్షిణం గోడకు ఒక్క కిటికీ లేదు. ఎండాకాలం గాలి వచ్చే పడమటి వైపూ లేదు. ఉత్తరం వైపు మాత్రం మూడడుగుల గోడ లేపి, ఆపైనంతా టేకు ఫ్రేములు నిలబెట్టారు. ఇప్పుడు వాటికి ప్లైవుడ్ కొట్టేసి ఉంది. ఆ ఫ్రేముల నెత్తిన కప్పు బాగా నిటారుగా లేచి, పద్నాలుగు అడుగుల ఎత్తులో మామూలు మద్రాస్ టెర్రస్‌లో, అంటే కట్టెల మీద ఇటుకా సున్నం పరిచిన చదును కప్పులో కలుస్తుంది. ఆ ఏటవాలు ముక్క మీదే సిమెంటు రేకులు, కారేదీ అక్కడే.

సందులో ఎవరిని అడిగినా ఒక కథ సిద్ధంగా ఉంది. చాయ్ బండి ఆయన "దొరల డాన్స్ హాలు" అన్నాడు. టైల్స్ షాపాయన పోస్టాఫీసు అన్నాడు. ఓనరమ్మ మాత్రం గట్టిగా, "దవాఖానా ఉండె బాబూ. మా మామగారు చెప్పేవారు, అద్దాల కప్పు కింద ఆపరేషన్లు చేసేవాళ్ళంట" అన్నారు. ముగ్గురి మాటల్లోనూ ఒక్క అద్దాల కప్పు మాటే నాకు పనికొచ్చేలా కనిపించింది. ఏదీ పీకకముందు కొలతలు తీసుకుంటానని, ఏ గదికి ఏ పని జరిగేదో తేలేదాకా రంగు వేయనని ఆమెకు చెప్పాను. "తెలిస్తే మంచిదే గదా, బోర్డు మీద రాయొచ్చు" అన్నారు. ఈ డైరీ అక్కడి నుంచి.

మే మొదటి వారం: కొలతలు

హాలు పొడవు 34 అడుగులు, వెడల్పు 16. పొడవు తూర్పు పడమరలుగా ఉంది. కింద షాబాద్ బండలు. మట్టం పెట్టి చూస్తే నేల ఎటూ వాలలేదు. నీళ్ళు పోయే తూము ఎక్కడా లేదు. ఆపరేషన్లు చేసే గది అయితే రోజూ నీళ్ళు కొట్టి కడగాలి, ఆ నీళ్ళు బయటికి పోవాలి. కాబట్టి దవాఖానా కథ మీద మొదటి అనుమానం ఇక్కడే పడింది.

మా మేస్త్రీది పాలమూరు. డంగు సున్నం పని చిన్నప్పటి నుంచి చేసినవాడు. కింద నుంచి తలెత్తి చాలాసేపు చూసి, "సార్, ఇవి రేకుల కోసం పెట్టిన కట్టెలు గావు. రేకులకు ఇంత దగ్గర దగ్గర కట్టెలు ఎవడు పెడ్తడు? మూడు నాలుగు ఫీట్లకొకటి చాలు గద" అన్నాడు. నిచ్చెన వేసి టేపు పెడితే ఒక్కో కట్టెకు మధ్య పద్దెనిమిది అంగుళాలు. పైగా ప్రతి కట్టెకూ పైఅంచులో రెండు వైపులా అర అంగుళం గాడి. గాడిలో ఎండి రాయిలా అయిపోయిన లప్పం. బ్లేడుతో గీకితే లప్పంలో ఇరుక్కున్న గాజు పెచ్చులు బయటికొచ్చాయి. వాటిలో రెండు మూడు పెచ్చులకు లేత నీలం ఛాయ ఉంది. ఓనరమ్మ మామగారి అద్దాల కప్పు నిజమే. దాని కింద ఏం చేసేవారన్నదే తేలాలి.

ఇంకో సంగతి. కట్టెల లోపలి వైపు, వరసగా, చిన్న ఇత్తడి కొక్కేలు. ఒక వరస ఏటవాలు కప్పు పొడవునా, రెండో వరస దానికి అడ్డంగా. నిలువు ఫ్రేముల మీద కూడా ఇంకో వరస. కొన్నిటిలో సన్నటి ఇనప తీగ ముక్కలు ఇంకా వేలాడుతున్నాయి. తెరలు జరపడానికి తప్ప ఇలాంటి తీగ ఇంకెందుకూ పనికిరాదు. అద్దం పెట్టి వెలుగు తెచ్చుకున్నవాడు, ఆ వెలుగును ఆపడానికి ఇన్ని తెరలు ఎందుకు కట్టుకున్నట్టు?

ఓనరమ్మ వాదన కూడా ఒకటి రాసిపెట్టాలి, ఎందుకంటే అది ఉత్తిగా కొట్టిపారేసేది కాదు. పాత ఆపరేషన్ థియేటర్లకు ఉత్తరం వైపు అద్దాలు, పైన అద్దాల కప్పు ఉండడం మామూలే. కరెంటు దీపాలు లేని రోజుల్లో డాక్టరుకైనా పగటి వెలుగే దిక్కు. పైగా మన ఊరికి ఈ విషయంలో పెద్ద పేరే ఉంది. ఆపరేషన్‌కు మత్తుగా ఇచ్చే క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి 1888లో, మళ్ళీ 1889లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. రెసిడెన్సీ (నిజాం దగ్గరుండే బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టాడు. రెండో కమిషన్‌కు లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఇక్కడి మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూంజీ ఆ రోజుల్లోనే క్లోరోఫాం ఇచ్చే డాక్టరుగా పనిచేసింది. ఇంత చరిత్ర పక్క వీధుల్లో జరిగాక, ప్రతి అద్దాల గదికీ ఆ కథ అంటుకోవడం సహజం. హైదరాబాద్‌లో పాత మేడ అంటే నిజామో, రెసిడెంటో, కనీసం ఒక దొర డాక్టరో లేకపోతే జనానికి తృప్తి ఉండదు. మామూలు దుకాణదారు కట్టుకున్నాడంటే ఎవరికీ ఆనదు.

మే నడిమి: రేకులు విప్పాం

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి నీళ్ళు చల్లి, మాస్కులు పెట్టుకుని, పగలకుండా దించాం. ఈ పని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, నడుములు పోయాయి.

రేకులు లేని హాలును రోజంతా చూడటం మాత్రం పెద్ద లాభం. ఫోటోగ్రఫీ, చిత్రలేఖనం, ఆపరేషన్లు, వీటన్నిటికీ యూరప్‌లో ఉత్తరపు వెలుగు కోరుకుంటారు. అక్కడ సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే నడుస్తాడు కాబట్టి ఉత్తరపు కిటికీలోంచి మధ్యాహ్నం నేరుగా ఎండ పడదు, నీడలు మెత్తగా ఉంటాయి. మన దగ్గర ఆ లెక్క చెల్లదు. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం మన నీడ మన కాళ్ళ కిందికి వచ్చేస్తుంది. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు.

పన్నెండుంబావుకి హాల్లో నిలబడితే సంగతి కళ్ళకు కట్టింది. ఏటవాలు కట్టెల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా నేల మీద పడింది, గోడ పక్కన ఒక సన్నటి పట్టీ నిలువు ఫ్రేముల్లోంచి కూడా. సుద్దముక్కతో అంచులు గీసి, అరగంటకోసారి మళ్ళీ గీశాం. మేస్త్రీ కొడుకు ఈ పని ఆటలా చేశాడు. కాగితం మీద లెక్క వేస్తే ఇంకో మాట తేలింది: నిలువు అద్దంలోంచి మధ్యాహ్నం ఎండ మూడు నెలలే వస్తుంది, ఏటవాలు అద్దంలోంచి మాత్రం ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా వస్తూనే ఉంటుంది. కప్పును అంత నిటారుగా లేపింది ఈ ఎండను వీలైనంత తగ్గించుకోవడానికే. మిగిలినదాన్ని ఆపడానికి అడ్డం ఒక తెర, నిలువు ఒక తెర. ఏ ఇంగ్లీషు పుస్తకం చూసి ఈ గది గీసుకున్నాడో గానీ, మన ఎండను ఎరిగినవాడే కట్టాడు.

ఇది ఆపరేషన్ గదికి పొసగదు. డాక్టరుకు బల్ల మీద వెలుగు ఎంత ఉంటే అంత మంచిది. వెలుగును ఇటు కొంచెం మూసి, అటు కొంచెం తెరిచి, ముఖం మీద ఒక చెంప వెలుతురులో ఒక చెంప నీడలో పెట్టుకోవాల్సిన వ్యాపారం ఒక్కటే. ఆ రోజు నోట్‌బుక్‌లో "ఫోటో స్టూడియో?" అని రాసి ప్రశ్నార్థకం పెట్టాను.

ఆ తర్వాత గోడలు గీకాం. అరచేయంత జాగాలో సర్జికల్ బ్లేడుతో ఒక్కో పొర తీసి మెట్లలా వదిలేయడం, ఇదే పద్ధతి. పైన ఆకుపచ్చ ఆయిల్ పెయింట్, దాని కింద పసుపు డిస్టెంపర్, తర్వాత రెండు మూడు పూతలు తెల్ల సున్నం. అన్నిటికీ అడుగున, గచ్చుకు అంటుకుని, మెరుపు లేని బూడిద నీలం. హాలు నాలుగు వైపులా అదే. ఇళ్ళలో ఎవరూ వేసుకోని రంగు అది. గోడ నుంచి వెలుగు తిరిగి కొట్టకూడదనుకున్నవాడికి సరిపోతుంది. తూర్పు గోడ పైభాగంలో, తొమ్మిదడుగుల ఎత్తున, రెండు ఇనప బ్రాకెట్ల మొదళ్ళు కోసేసి ఉన్నాయి, వాటి మధ్య దూరం ఎనిమిదడుగులు. వెనక బొమ్మల తెర చుట్టే రోలర్‌వి కావచ్చు. నిలువెత్తు ఫోటో తీయాలంటే మనిషికీ కెమెరాకీ మధ్య ఇరవై అడుగులు, మనిషి వెనక తెరకు నాలుగైదు అడుగులు, కెమెరా వెనక ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డ కప్పుకుని నిలబడే చోటు. అన్నీ కలిపితే 34 అడుగులు వృథా కాదు.

షాబాద్ బండల మీద ఒకచోట మూడు తుప్పు మచ్చలు త్రికోణంలో ఉన్నాయి. ఎక్స్‌పోజర్ సెకన్ల కొద్దీ సాగే రోజుల్లో తల కదలకుండా వెనక నుంచి పట్టుకునే పోత ఇనుము స్టాండు ఉండేది, దాని కాళ్ళవి అనుకోవాలని నాకూ ఆశే. కానీ తర్వాత ఇక్కడ బల్లలు ఉండేవని తెలుసు కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకోలేదు.

జూన్ మొదట్లో: చీకటి గది

హాలు పడమటి చివర ఉన్న చిన్న గది ఏడడుగులు, ఆరడుగులు. ఓనరమ్మ దాన్ని వంటగది అంటారు. కానీ దానికి రెండు తలుపులు, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో మనిషి నిలబడేంత ఖాళీ. ఒక తలుపు మూసుకున్నాకే రెండోది తెరవాలన్నమాట. పొగ పోయే గూడు లేదు. బయటి గోడలో అడుగు చదరపు కిటికీ ఒకటి ఇటుకలతో మూసేసి ఉంది. మేస్త్రీ ఉలితో మెల్లగా ఇటుకలు తీస్తే, చట్రం మూలలో లప్పం కింద గోరంత గాజు ముక్క. టార్చి వేసి చూస్తే ముదురు ఎరుపు.

ఇక్కడ నాకు తెలిసిన చదువు సరిపోదనిపించి, కాచిగూడలో ఒకప్పుడు బ్లాక్ అండ్ వైట్ స్టూడియో నడిపిన పెద్దాయన్ను పిలుచుకొచ్చాను. మెట్లెక్కడానికి ఇబ్బంది పడ్డారు గానీ, చీకటి గదిలో కాలు పెట్టగానే హుషారు వచ్చేసింది. రాతి సింకు ముందు నిలబడి రెండు చేతులూ చాచారు. కుడి చేయి ఒక గూటి దగ్గర ఆగింది, ఎడమ చేయి గోడకున్న చెక్క పట్టీల దగ్గర.

"కిచెన్ ఏంది బాబూ, ఇది డార్క్ రూమే. ఇక్కడ బొమ్మ తేల్చే డెవలపర్, ఇక్కడ కడుగుడు, ఇక్కడ బొమ్మ నిలిపే హైపో. కడిగినంక ప్లేట్లు ఈ పట్టీల సందుల్లో నిలబెట్టి ఆరబెడ్తరు. నేనైతే అటు నుంచి ఇటు పెట్టుకునేటోణ్ణి, ఆయన ఎడమచేతి వాటం గావచ్చు."

ఎర్ర అద్దం గురించి ఆయన చెప్పింది పుస్తకాల్లోనూ ఉన్నదే. ఫిల్ము బదులు వాడిన ఆనాటి గాజు ప్లేట్ల మీది మందుకు నీలం వెలుగే కనబడుతుంది, ఎరుపు కనబడదు. అందుకే పగటి ఎండే ఎర్ర అద్దంలోంచి వచ్చి చీకటి గదికి దీపమయ్యేది. హాలు కప్పులో నీలం ఛాయ గాజు దొరకడానికీ ఇదే కారణం. ప్లేటుకు కావలసిన నీలాన్ని రానిచ్చి, కూర్చున్నవాళ్ళ కళ్ళు చెదరకుండా మిగతాది తగ్గించడానికి కొన్ని స్టూడియోల్లో అలాంటి అద్దం వాడేవారు.

సింకు లోపల సీసపు రేకు పరిచి ఉంది, కాబట్టి గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దని అందరికీ చెప్పాను. సింకు అంచునా, కింద బండల మీదా నల్లటి మరకలు. చూస్తే మసిలాగే ఉన్నాయి. వెండి మరకలా, వంట మసా తేల్చడానికి పెద్దాయన దగ్గర మందు ఉంది. పొటాషియం ఫెర్రిసయనైడ్, హైపో కలిపిన పసుపు ద్రావణం. నెగెటివ్ మరీ నల్లగా వస్తే పలచబరచడానికి స్టూడియోల్లో వాడేది ఇదే, ఫార్మర్స్ రెడ్యూసర్ అంటారు. అది వెండిని కరిగిస్తుంది, బొగ్గు మసిని కరిగించదు.

సింకు అంచు నుంచి ఊడిన ఒక రాతి పెచ్చు, ఇంకో ఇంట్లో పాత పొయ్యి దగ్గర నుంచి తెచ్చిన మసి పట్టిన పెచ్చు, రెండూ రెండు గాజు గిన్నెల్లో పెట్టాం. పెద్దాయన సిరంజితో రెండింటి మీదా చుక్కలు వేశారు. పొయ్యి పెచ్చు ఎలా ఉన్నది అలాగే ఉంది. సింకు పెచ్చు మీద మొదట అంచులు గోధుమ రంగుకు తిరిగాయి, తర్వాత నలుపు మధ్యలో తెల్ల రాయి చుక్కలు చుక్కలుగా తేలింది. చాయ్ తాగి వచ్చేసరికి మరక సగానికి సగం పోయింది. మేస్త్రీ వంగి చూసి, "రాయి తానం చేసినట్టే అయింది" అన్నాడు. ఇంకో పెచ్చును తెలిసినవాళ్ళ ద్వారా ఒక కాలేజీ ల్యాబ్‌లో ఎక్స్‌రే పరీక్షకు ఇచ్చాను, వెండి ఉందని వచ్చింది. నోట్‌బుక్‌లో ప్రశ్నార్థకం కొట్టేశాను.

డాబా మీద పిట్టగోడకు ఆనించి దక్షిణం వైపు వాలుగా కట్టిన గచ్చు దిమ్మె కూడా అప్పుడే అర్థమైంది. వడియాలు ఎండబెట్టుకునే దిమ్మె అన్నారు ఓనరమ్మ, ఆమె అలాగే వాడుకున్నారు కూడా. నెగెటివ్‌నూ కాగితాన్నీ ఒక చట్రంలో బిగించి ఎండలో పెడితే బొమ్మ దానంతటదే తేలే ప్రింటింగ్ ఔట్ పేపర్ కాలంలో, ప్రతి స్టూడియోకూ ఎండ తగిలే ఇలాంటి చోటు ఒకటి కావాలి. కింద హాల్లో ఎండను తరిమేసి, పైన డాబా మీద ఎండకు ఎదురెళ్ళారు.

జూన్ రెండో వారం: వెంటిలేటర్

వానలు వచ్చేశాయి, కప్పు మీద టార్పాలిన్. బయట పని ఆగింది కాబట్టి మెట్ల మీది వెంటిలేటర్ విప్పాం. దాని గాజు పలకలు మామూలు కిటికీ గాజు కంటే పలచన. కొలిస్తే ఒక్కోటి 6½ అంగుళాలు, 8½ అంగుళాలు. ఫోటోగ్రఫీలో దీన్ని హోల్ ప్లేట్ సైజు అంటారు. కిటికీ చట్రాన్ని గాజుకు తగ్గట్టు చేశారు తప్ప గాజును చట్రానికి తగ్గట్టు కొయ్యలేదు.

పాత నెగెటివ్‌లను వేడినీళ్ళలో నానబెట్టి, మందు గీకేసి, ఖాళీ గాజుగా వాడుకోవడం ప్రపంచమంతటా జరిగిందే. ఎంతమంది ముఖాలు అలా కిటికీలైపోయాయో. ఇక్కడా గీకేశారు. ఒక్క పలక అంచున మాత్రం, లప్పం కింద దాగి, అర అంగుళం వెడల్పున పొర మిగిలింది. తెల్ల స్క్రీన్ మీద పెట్టి ఫోన్‌తో తీసి, రంగులు తిరగేసి చూశాం. పూల తివాచీ అంచు. చెక్కిన కుర్చీ కాలు ఒకటి. దాని పక్కన నేలకు అందక వేలాడుతున్న రెండు చిన్న బూట్లు, చీలమండ దగ్గర పట్టీ, పట్టీకి గుండీ. ఎడమ బూటు కొంచెం మసకగా ఉంది, కుదురుగా కూర్చోలేక కాలు ఊపినట్టున్నాడు, లేక ఊపినట్టుంది. ఆపైన అంతా ఖాళీ గాజు.

పెద్దాయనకు ఫోన్‌లో పంపితే, "పిల్లల ఫోటో అంటే ఎప్పుడైనా అంతే" అని జవాబు వచ్చింది.

జూన్ చివర: కాగితాలు

చాలామంది ముందు కాగితాల దగ్గరికి పోయి తర్వాత గోడ దగ్గరికి వస్తారు. నేను తిరగేసి చేస్తాను. కాగితంలో ఏముందో ముందే తెలిస్తే, గోడ మీద అదే కనబడటం మొదలవుతుంది.

ఓనరమ్మ దగ్గర సేల్ డీడ్, దాని వెనక లింక్ డాక్యుమెంట్లు ఉన్నాయి. అన్నిటికంటే పాతది ఉర్దూలో, నిజాం సర్కారు వాడిన ఫసలీ లెక్కలో 1335 నాటిది. హైదరాబాద్ ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అంటే 1925–26. కోఠీ పక్కనున్న రెసిడెన్సీ బజార్లు 1933 దాకా బ్రిటిష్ రెసిడెంటు చేతిలోనే ఉన్నాయి, అటువైపు ఆస్తులైతే వెతకాల్సిన చోటు వేరు. ఈ దస్తావేజు ఫసలీలో ఉంది, ధర నిజాం సొంత నాణెం హాలీ సిక్కాలో ఉంది, కాబట్టి మన మేడ నిజాం సర్కారు వైపుదే. ఆ ధరను ఇంగ్లీషు రూపాయల్లోకి మార్చాలంటే ఏడు హాలీ రూపాయలకు ఆరు. షికస్తా అనే పాత గొలుసుకట్టు రాత చదవగలిగే ఒక సాహెబ్ గారు మొత్తం చదివి వినిపించారు. కింద మల్గీలు, పైన బాలాఖానా (మేడమీది భాగం), బావిలో వాటా. బాలాఖానాలో ఏం చేసేవారన్నది ఒక్క ముక్క లేదు.

ఇలాంటప్పుడు ఇరుగుపొరుగు దస్తావేజులు అడగాలి. మన డీడ్‌లో మన గోడల గురించి ఎవరూ రాయరు, పక్కవాళ్ళ డీడ్‌లో హద్దుల దగ్గర మనమే ఉంటాం. ఉత్తరం వైపు ఇంటివాళ్ళు మొదట అనుమానపడ్డారు, ఆస్తి తగాదా ఏమన్నా వస్తుందేమోనని. ఓనరమ్మే వెళ్ళి, "ఏం లేదు వదినా, మా మేడ మీద ఏం నడిచేదో చూస్తున్నరు" అని నచ్చజెప్పారు. వాళ్ళ పాత కాగితం ఫసలీ 1321ది, అంటే 1911–12. హద్దులు నాలుగూ వరసగా చదువుతున్న సాహెబ్ గారు దక్షిణం దగ్గర ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు: ఫోటోగ్రాఫర్ మేడ. పేరు కూడా ఉంది. ఆయన వారసులు ఊళ్ళోనే ఉండి ఉండొచ్చు కాబట్టి వాళ్ళను కనుక్కుని అడిగేదాకా ఇక్కడ రాయను.

లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1912–15 మధ్య హైదరాబాద్‌ను అంగుళానికి యాభై అడుగుల చొప్పున కొలిచి గీసిన పటాలున్నాయి. ఇళ్ళు, సందులు, బావులు విడివిడిగా కనబడేంత పెద్దవి. మన సందు ఉన్న పటంలో మేడ ఆకారం ఇప్పుడున్నట్టే ఉంది, ఉత్తరం వైపు ముందుకొచ్చిన భాగంతో సహా. వాడకం గురించి పటం ఏమీ చెప్పదు గానీ, ఆ భాగం తర్వాత అతికించింది కాదని తేలింది. థాకర్స్ డైరెక్టరీల పాత సంపుటాలు కూడా తిరగేశాను. వాటిలో పేరూ వృత్తీ దొరుకుతాయి గానీ సందు దొరకదు.

జూలై: దీన్ దయాళ్ తలనొప్పి

స్టూడియో అని తేలిన మర్నాడే సందంతా "రాజా దీన్ దయాళ్ స్టూడియో" అయిపోయింది. ఓనరమ్మ అల్లుడు బోర్డు డిజైన్ కూడా వాట్సాప్‌లో పంపాడు.

దీన్ దయాళ్ గొప్పతనం మీద ఎవరికీ పేచీ లేదు. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరై రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు పొందాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో, 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో, 1896లో బొంబాయిలో ఇంకోటి. 1905లో పోయాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఇవన్నీ నిజాలే, కానీ వీటిలో ఒక్కటీ మన మెట్లెక్కదు. మన చేతిలో ఉన్న పేరు వేరే ఆయనది. రాజులూ రెసిడెంట్లూ ఆయన దగ్గరికి వచ్చారో లేదో గానీ, కుదురు లేని బిడ్డను ఎత్తుకుని ఒక కుటుంబం మాత్రం ఈ మెట్లెక్కింది. దీన్ దయాళ్ దగ్గరికి పోలేని గుమస్తాలు, వకీళ్ళు, షావుకార్లు కూడా ఫోటోలు దిగారు కదా, వాళ్ళు దిగింది ఇలాంటి చోట్లలోనే. నాకైతే ఇదే ఎక్కువ ఆసక్తి. అల్లుడికి కాదు.

తర్వాత ఏమైందన్నది త్వరగానే తేలింది. తెరల కొక్కేల వరస మీదుగా, వాటిని పట్టించుకోకుండా, పాత చెక్క పట్టీ వైరింగ్ మేకులు కొట్టి ఉంది. అంటే కరెంటు వచ్చేసరికి తెరలతో పని అయిపోయింది. 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం వచ్చింది, ఆ వైరు దాని వెంటనే పడిందో చాలా ఏళ్ళకు పడిందో చెప్పలేను. పసుపు డిస్టెంపర్, పైన ఆకుపచ్చ పెయింట్ కాలంలో ఇది టైప్ ఇన్‌స్టిట్యూట్. టైల్స్ షాపాయన ఇక్కడే టైప్ లోయర్ పరీక్ష పాసయ్యాడట. అయినా పోస్టాఫీసు అనే అన్నాడు, ఎందుకన్నావంటే "అందరూ అంటుంటే" అన్నాడు.

ఆగస్టు: ఏం చేయబోతున్నాం

మళ్ళీ అద్దాల కప్పు పెట్టాలని నాకు ఉంది. ఓనరమ్మ ఒక్క ప్రశ్న వేశారు: "ఎండాకాలంల అద్దాల కింద ఎవరు కూసుంటరు, ఎవరు కిరాయి ఇస్తరు?" దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి కుదిరింది ఇది. టేకు కట్టెలు, గాడులు, కొక్కేలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి, చెదల మందు మాత్రం కొడతాం. వాటి మీద కొత్త బరువు పడకుండా, పైన విడిగా సన్నటి స్టీలు ఫ్రేము వేసి దాని మీద కొత్త రేకులు. తూర్పు చివర, పాత బొమ్మల తెర ఉండే చోట, రెండు ఖానాలకు మాత్రం గట్టి గాజు, కింద తెల్ల గుడ్డ తెర పాత కొక్కేలకే. నిలువు ఫ్రేములకు కొట్టిన ప్లైవుడ్ తీసేసి మామూలు గాజు. కార్పెంటర్ ఎస్టిమేట్ ఇంకా రాలేదు.

గోడల మీద గీకిన మెట్లు ఒక చోట అలాగే వదిలి, మిగతా హాలుకు అడుగున దొరికిన బూడిద నీలమే సున్నంలో కలిపి వేస్తున్నాం. అద్దెకొచ్చేవాళ్ళకు నచ్చకపోతే తెల్లరంగు వేసుకునే హక్కు ఉందని ఓనరమ్మ ముందే చెప్పారు. చీకటి గదిని ఎవరూ స్టోర్ రూమ్ చేయకుండా తాళం ఆమె దగ్గరే. వెంటిలేటర్ పలకలను ఆసిడ్ లేని కాగితంలో చుట్టి నిలబెట్టి పెట్టాం, వాటి స్థానంలో కొత్త గాజు వేశాం. బోర్డు మీద దీన్ దయాళ్ పేరు ఉండదని ఒప్పుకున్నారు, "ఫోటో స్టూడియో, 1911–12 నాటికే" అని మాత్రం ఉంటుంది.

మిగిలింది తూము. సింకు నీళ్ళు ఒక మట్టి గొట్టంలోంచి వెనక పెరట్లోకి దిగేవి, ఆ పెరడు ఇప్పుడు గోడౌను నేల కింద ఉంది. పగిలిన ప్లేట్లను స్టూడియోలవాళ్ళు దగ్గరలోనే ఎక్కడో పారేసేవారు కాబట్టి, గొట్టం చివర గుంటలాంటిది ఉంటే అక్కడ గాజు దొరకొచ్చు. కమోడ్ల పెట్టెలు ఒక పక్కకు జరిపి రెండు బండలు లేపుకోవడానికి టైల్స్ షాపాయన ఒప్పుకున్నాడు, కాకపోతే దసరా స్టాకు దిగకముందే చేసుకోవాలట.